ప్లేట్ టెస్ట్ పాసైంది, ఎలివేటర్ ఒరిగింది: ట్రాన్స్‌కోనా కేసు మళ్లీ లెక్కేస్తే

సాయిల్ మెకానిక్స్ బేసిక్స్ మొత్తం ఒకే కేసులో చూపించమంటే నేను ట్రాన్స్‌కోనానే ఎంచుకుంటాను, 1913లో కెనడాలో ఒరిగిపోయిన గ్రెయిన్ ఎలివేటర్ (ధాన్యం నిలవచేసే పెద్ద కట్టడం) కేసు అది. పీసా టవర్ అందరికీ తెలిసిందే గానీ అది కొన్ని వందల ఏళ్లుగా సాగిన వ్యవహారం, ఏ కారణం వల్ల ఎంత ఒరిగిందో విడదీసి చెప్పడం కష్టం. ట్రాన్స్‌కోనాలో ఆ చిక్కు లేదు. ఒక్క రోజులో అయిపోయింది. బరువెంతో తెలుసు, రాఫ్ట్ (మొత్తం కట్టడం కింద పునాదిగా పరిచిన ఒకే కాంక్రీటు పలక) కొలతలు తెలుసు, మట్టి బలాన్ని తర్వాత కొలిచారు. ఒక కాగితం, ఒక క్యాలిక్యులేటర్ ఉంటే ఎవరైనా ఆ ఫెయిల్యూర్‌ని మళ్లీ లెక్కేసి చూసుకోవచ్చు, ఇక్కడ చేయబోయేది అదే.

ఇంకో కారణం కూడా ఉంది. నా పని ఎక్కువగా గోదావరి, కృష్ణా డెల్టాల్లో. రైస్ మిల్లులు, గోడౌన్లు, ఈ మధ్య స్టీలు సైలోలు. అక్కడ చాలా చోట్ల తవ్వగానే పైన ఎండకు బిగిసిన గట్టి పొర తగులుతుంది, దాని కింద మెత్తటి బూడిదరంగు బంకమట్టి. 1913లో కెనడాలో దెబ్బతీసింది సరిగ్గా ఇలాంటి వరసే.

జరిగింది ఇది. కెనడాలో మానిటోబా రాష్ట్రం, విన్నిపెగ్ నగరం పక్కన నార్త్ ట్రాన్స్‌కోనా. కెనడియన్ పసిఫిక్ రైల్వే వాళ్లు అక్కడ 10 లక్షల బుషెళ్ల గోధుమ పట్టే గ్రెయిన్ ఎలివేటర్ కట్టారు. 1911లో మొదలుపెట్టి 1913కి పూర్తిచేశారు. అందులో ధాన్యం నిలవచేసే భాగం బిన్‌హౌస్, మన కథంతా దాని గురించే. వరసకు 13 చొప్పున 5 వరసల్లో 65 గుండ్రటి కాంక్రీటు బిన్‌లు, ఒక్కోటి 28 మీటర్ల ఎత్తు. ఇవన్నీ కలిపి ఒకే రాఫ్ట్ మీద, అది 23.5 మీటర్ల వెడల్పు, 59.5 మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల మందం. రాఫ్ట్ అడుగు నేలమట్టానికి దాదాపు 3.7 మీటర్ల కింద ఉంది. ధాన్యం లేకుండా బిన్‌హౌస్ బరువే 20,000 అమెరికన్ టన్నులు, అంటే మన మెట్రిక్ టన్నుల్లో 18,100 పైచిలుకు.

1913 సెప్టెంబరులో ధాన్యం నింపడం మొదలుపెట్టారు. అక్టోబరు 18 నాటికి 8,75,000 బుషెళ్లు లోపల ఉన్నాయి. ఆ రోజు బిన్‌హౌస్ కుంగుతోందని గమనించారు. గంట తిరిగేసరికి దాదాపు 30 సెంటీమీటర్లు కిందికి దిగింది, అదీ మొదట్లో సమానంగానే. తర్వాత పడమటి వైపు ఒరగడం మొదలైంది. దబ్బున కూలిపోలేదు, ఒక రోజు పొడుగునా మెల్లగా ఒరుగుతూ పోయి 27 డిగ్రీలకు కాస్త తక్కువలో ఆగింది. పడమటి వైపు 7 మీటర్లకు పైగా దిగిపోయింది, రాఫ్ట్ తూర్పు అంచు పైకి లేచింది, చుట్టూ నేల ఉబ్బింది. అంత ఒరిగినా బిన్‌లు విడిపోలేదు. కాంక్రీటు పని చేసినవాళ్లకు దండం పెట్టాలి. స్ట్రక్చర్‌లో లోపం లేదు, అది కూర్చున్న మట్టి తెగింది, అంతే.

ఇక్కడ ఒక మాట. వాళ్లు మట్టిని అసలు పరీక్షించలేదని చాలామంది అనుకుంటారు, కాదు. తవ్విన గుంత అడుగున చిన్న ప్లేట్ పెట్టి, దాని మీద బరువు పెంచుకుంటూ లోడ్ టెస్ట్ చేశారు. చదరపు అడుగుకు 4 టన్నులకు పైనే మోస్తుందని వచ్చింది, అంటే మన లెక్కలో చదరపు మీటరుకు 40 టన్నుల చుట్టూ. నిండు ఎలివేటర్ మట్టి మీద వేసే ఒత్తిడి 32. సరిపోతుంది కదా అనుకున్నారు. అప్పటికి ఈ శాస్త్రానికి ఒక రూపమంటూ లేదు. కూలంబ్ షియర్ స్ట్రెంత్ (మట్టి జారి తెగకుండా నిలిచే బలం) సమీకరణం 1776 నుంచీ ఉంది గానీ ప్రాండల్ ఫెయిల్యూర్ లెక్క 1920లో వచ్చింది, ఈ శాస్త్రానికి పునాది వేసిన టెర్జాగి పుస్తకం 1925లో. కాబట్టి వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. ఇవాళ కూడా ఒక్క ప్లేట్ టెస్ట్ రిపోర్టు చేతిలో పట్టుకుని "ఎస్‌బీసీ వచ్చేసిందండీ, ఇంకా బోర్లు ఎందుకు, ఖర్చు దండగ" అనేవాళ్ల సంగతి వేరు, వాళ్లను తప్పుపట్టొచ్చు. (ఎస్‌బీసీ అంటే మట్టి భద్రంగా మోసే ఒత్తిడి, బోర్లు అంటే మట్టి శాంపుల్ కోసం లోతుకు వేసేవి.)

ముందు లోడ్ సంగతి తేల్చేద్దాం. గోధుమ బుషెల్ 60 పౌండ్లు, అంటే 27.2 కిలోలు. 8,75,000 బుషెళ్లంటే 23,800 టన్నులు. బిన్‌హౌస్ బరువు 18,140 కలిపితే 41,940. రాఫ్ట్ విస్తీర్ణం 23.5 ఇంటూ 59.5, దాదాపు 1,398 చదరపు మీటర్లు. భాగిస్తే చదరపు మీటరుకు సరిగ్గా 30 టన్నులు. మట్టి తెగినప్పుడు దాని మీద ఉన్న ఒత్తిడి ఇది. ఇంత స్పష్టంగా ఫెయిల్యూర్ లోడ్ తెలిసిన ఫుల్ స్కేల్ టెస్ట్ మన ఫీల్డ్‌లో చాలా అరుదు. ఒక రకంగా ఆ ఎలివేటరే ప్లేట్, 23.5 మీటర్ల వెడల్పున్న ప్లేట్.

ఇక మట్టి. ఆ ప్రాంతమంతా ఒకప్పుడు అగాసీ అనే పెద్ద హిమనదీ సరస్సు అడుగు. నీళ్లలో మెల్లగా దిగబడ్డ సన్నటి బంకమట్టి, మన నల్లరేగడిలాగే బాగా ఉబ్బి కుంచించుకునే రకం. పైభాగం ఎండి గట్టిపడింది, లోపలిది మెత్తగా ఉండిపోయింది, దాని కింద సున్నపురాయి బండ, నేలమట్టానికి సుమారు 15 మీటర్ల లోతులో. ఫెయిలైన ముప్పై ఎనిమిదేళ్లకు, 1951లో, రాల్ఫ్ పెక్, బ్రయంట్ అక్కడ బోర్లు వేయించి శాంపుల్స్ తీసి అన్‌కన్‌ఫైన్డ్ కంప్రెషన్ టెస్టులు (చుట్టూ ఆసరా లేకుండా మట్టి ముక్కను నిలువుగా నొక్కి తెగేదాకా చూడటం) చేశారు. పై పొరకు చదరపు అడుగుకు 1.13 టన్నులు, కింది పొరకు 0.65 వచ్చింది. మందాలను బట్టి సగటు 0.93. కొత్తగా చదివేవాళ్ల కోసం చెబుతున్నా, అన్‌కన్‌ఫైన్డ్ స్ట్రెంత్‌లో సగం మన షియర్ స్ట్రెంత్. మన యూనిట్లలోకి మారిస్తే పై పొర షియర్ స్ట్రెంత్ చదరపు మీటరుకు 5.5 టన్నులు, కింది పొరది 3.2 దాకా, సగటు 4.5.

ఇందులో యాంగిల్ ఆఫ్ ఫ్రిక్షన్ (రేణువుల మధ్య రాపిడిని కొలిచే కోణం) ఎందుకు లేదు అని అడగాలి. అడగకపోతే ఈ సబ్జెక్టులో సగం మిస్సయినట్టే.

మట్టి అంటే రేణువులు, వాటి మధ్య ఖాళీలు. తడి బంకమట్టిలో ఆ ఖాళీల నిండా నీళ్లే. పైన బరువు పెడితే ఆ బరువును మొదట ఎవరు మోస్తారు? నీళ్లు. రేణువులు దగ్గరికి జరగాలంటే నీళ్లు బయటికి పోవాలి, బంకమట్టిలో నీళ్లు పోవడానికి ఏళ్లు పడుతుంది. నీళ్లకు షియర్‌ని ఆపే శక్తి సున్నా. మట్టి బలమంతా రేణువులు ఒకదాన్నొకటి నొక్కుకోవడం వల్ల వచ్చేదే, ఆ నొక్కుడే ఎఫెక్టివ్ స్ట్రెస్. మొత్తం ఒత్తిడిలోంచి నీటి ఒత్తిడి తీసేస్తే మిగిలేది. ఇప్పుడు ట్రాన్స్‌కోనాకి రండి. సెప్టెంబరు నుంచి అక్టోబరు 18 దాకా, ఆ కాస్త వ్యవధిలో చదరపు మీటరుకు 17 టన్నుల ధాన్యం పోశారు. ఆ 17 టన్నుల్లో దాదాపు మొత్తం నీటి ఒత్తిడిగానే మారింది, ఎఫెక్టివ్ స్ట్రెస్ పెద్దగా పెరగలేదు, కాబట్టి బలమూ పెరగలేదు. మోయాల్సిన బరువు రెండింతలకు పైగా పెరిగింది, మట్టి బలం మాత్రం ఎలివేటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఎంతో దాదాపు అంతే. అందుకే ఇలాంటి త్వరగా పడే లోడ్‌కి ఫ్రిక్షన్ యాంగిల్ సున్నా అనుకుని, ఉన్న అన్‌డ్రెయిన్డ్ బలంతోనే (నీళ్లు బయటికి పోకముందు ఉండే బలంతో) లెక్కేస్తాం.

మరి మెల్లగా నింపి ఉంటే? ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం, ఎందుకంటే సైలో ఓనర్లు కూడా ఇదే అడుగుతారు. రాఫ్ట్ కింద బంకమట్టి సుమారు 11 మీటర్లు. పైకీ కిందికీ రెండు వైపులా నీళ్లు పోతాయనుకున్నా ఒక నీటిబొట్టు నడవాల్సిన దారి 5.5 మీటర్లు. కన్సాలిడేషన్ కోఎఫిషెంట్ (నీళ్లు పోయి మట్టి ఎంత వేగంగా బిగుస్తుందో చెప్పే అంకె) ఏడాదికి 1 చదరపు మీటరు అనుకుందాం (ఇది నేను అనుకున్న విలువ, ఇలాంటి మట్టికి విడ్డూరమేం కాదు). 90 శాతం కన్సాలిడేషన్‌కి వాడే గుణకం 0.848, దాన్ని ఇంటూ 5.5 స్క్వేర్ చేస్తే, దాదాపు పాతికేళ్లు. ఒక సీజన్‌కి బదులు రెండు సీజన్లలో నింపినా లాభం లేదు. దారి పొడవు స్క్వేర్‌లో ఉంది చూడండి, కాబట్టి ఆ దారిని తగ్గించడమే మార్గం. మెత్తటి మట్టి గుండా నిలువుగా ప్లాస్టిక్ డ్రెయిన్లు దింపి, పైన మట్టి పోసి కొన్ని నెలలు నొక్కి ఉంచే పద్ధతి అలా పుట్టిందే. డ్రెయిన్లు మీటరున్నర దూరంలో ఉంటే నీటిబొట్టు నడిచేది ముప్పావు మీటరు, అదీ అడ్డంగా. పాతికేళ్లు నెలల్లోకి వస్తాయి. ట్రాన్స్‌కోనా వాళ్లకు ఈ సౌకర్యం లేదు.

ఇప్పుడు అసలు లెక్క. స్కెంప్టన్ 1951లో ఇచ్చిన బేరింగ్ కెపాసిటీ ఫ్యాక్టర్ (మట్టి బలాన్ని దీనితో గుణిస్తే అది మోయగల ఒత్తిడి వస్తుంది) తీసుకుంటే, 5ని ఆకారానికీ లోతుకూ సవరించాలి. వెడల్పు పొడవుల నిష్పత్తి వల్ల 1.08, లోతు వల్ల 1.03. మొత్తం 5.56. మన ఐఎస్ (ఇండియన్ స్టాండర్డ్) 6403 ప్రకారం 5.14తో మొదలుపెట్టినా 5.7 వస్తుంది, పెద్ద తేడా లేదు. సగటు బలం 4.54తో గుణిస్తే 25.2. ఇది నెట్. దీనికి 3.66 మీటర్ల లోతున తవ్వి తీసేసిన మట్టి బరువు కలపాలి, ఘనపు మీటరుకు 1.8 టన్నులు అనుకుంటే 6.6. మొత్తం 31.8.

తెగింది 30 దగ్గర. ఆరు శాతం తేడా. 1913లో ఎవరైనా ఆ కింది పొర దాకా ఒక బోరు వేసి, నాలుగు శాంపుల్స్ తీసి, ఈ ఒక్క గుణకారం చేసి ఉంటే చాలు, నిండు లోడ్ 32.4 పడక ముందే ఇది పోతుందని తెలిసేది.

ఇంకొంచెం ముందుకెళ్దాం, నాకు మాత్రం అసలు విషయం ఇదే. మొత్తం పై పొర లాంటి మట్టే ఉందనుకుని లెక్కేస్తే 37 టన్నులు వస్తుంది. మొత్తం కింది పొరే అనుకుంటే 24. ప్లేట్ టెస్ట్ చెప్పింది 40 చుట్టూ. అంటే ప్లేట్ టెస్ట్ అబద్ధం చెప్పలేదు. అది పై పొరను అడిగింది, పై పొర సంగతి చెప్పింది, ఆ జవాబు దాదాపు కరెక్టే. ప్లేట్ ఒత్తిడి తన వెడల్పుకు ఒకటిన్నర, రెండు రెట్ల లోతు దాకానే గట్టిగా తెలుస్తుంది. 60 సెంటీమీటర్ల ప్లేట్ మీద చదరపు మీటరుకు 40 టన్నులు పెట్టారనుకోండి, ఒకటికి రెండు వాలుతో (రెండు మీటర్లు దిగితే ప్రతి పక్కా ఒక మీటరు) ఒత్తిడి పరుచుకుంటుందని లెక్కేస్తే 3 మీటర్ల కింద మిగిలేది 1.1 టన్ను. కింది మెత్తటి మట్టికి అది దోమ కుట్టినట్టు కూడా కాదు. అదే లెక్క రాఫ్ట్‌కి చేయండి. రాఫ్ట్ అడుగు నుంచి 8 మీటర్ల కింద కూడా 30లో 19.7 టన్నులు మిగిలే ఉన్నాయి. చిన్న ప్లేట్ ఎప్పుడూ చూడని మట్టిని పెద్ద రాఫ్ట్ నేరుగా నొక్కుతోంది.

మన ఐఎస్ 1888 ప్లేట్ సైజు 30 నుంచి 75 సెంటీమీటర్లు అంటుంది. సైట్‌లో ఎంత శ్రద్ధగా చేసినా అది మీటరున్నర లోతు మించి చెప్పలేదు. ఐఎస్ 1892 ఏమో ఫుటింగ్ వెడల్పుకు ఒకటిన్నర రెట్ల లోతు దాకా మట్టిని చూడమంటుంది, ట్రాన్స్‌కోనా రాఫ్ట్‌కి ఆ లెక్కన 35 మీటర్లు, లేదా బండ తగిలేదాకా. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపించాక క్లయింటుతో వాదన చాలామటుకు అక్కడితో అయిపోతుంది. కాకపోతే బోరు వేశాం కదా అని ఎస్‌పీటీ ఎన్ వాల్యూ (గొట్టాన్ని మట్టిలోకి 30 సెంటీమీటర్లు దింపడానికి పట్టిన సుత్తి దెబ్బల సంఖ్య) నుంచి బంకమట్టి బలం లాగేయడం ఇంకో జబ్బు. మెత్తటి మట్టిలో ఎన్ 2 అయినా 3 అయినా దాన్నుంచి బలం ఊహించడం చీకట్లో రాయి వేయడమే. వేన్ షియర్ (రెక్కలున్న కడ్డీని మట్టిలో దించి తిప్పే పరీక్ష) చేయండి, ఐఎస్ 4434 ఉంది, లేదా మంచి అన్‌డిస్టర్బ్డ్ శాంపుల్ తీయండి. సుత్తి దెబ్బలతో తీసిన స్ప్లిట్ స్పూన్ శాంపుల్‌ని ల్యాబ్‌కి పంపి అన్‌కన్‌ఫైన్డ్ టెస్ట్ చేయించిన రిపోర్టులు కూడా నా టేబుల్ మీదికి వచ్చాయి, వాటి గురించి మాట్లాడకపోవడమే మంచిది.

సరే, ట్రాన్స్‌కోనా సైట్ మన చేతికి వస్తే ఏం చేసేవాళ్లం?

ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ 3 పెడదాం. నెట్ 25.2ని 3తో భాగిస్తే 8.4, తవ్వేసిన మట్టి 6.6 కలిపితే 15. ఆ రాఫ్ట్ కింద మట్టి మీద వేయదగ్గ ఒత్తిడి చదరపు మీటరుకు 15 టన్నులు. ఇప్పుడు ఖాళీ బిన్‌హౌస్ ఒత్తిడి ఎంతో చూడండి. 18,140ని 1,398తో భాగిస్తే 13. మిగిలింది 2. అంటే ఆ ఎలివేటర్‌లో భద్రంగా నిలవ ఉంచదగ్గ ధాన్యం దాదాపు 2,800 టన్నులు, దాని కెపాసిటీ 27,200 టన్నులైతే. పదో వంతు! ఈ అంకె మొదటిసారి వేసినప్పుడు నేను లెక్క తప్పేమోనని మళ్లీ చూసుకున్నాను. కాంక్రీటు తన బరువుతోనే మట్టి బడ్జెట్ అంతా తినేసింది.

రాఫ్ట్‌ని ఇంకా లోతుకు తీసుకెళ్తే? తవ్విన మట్టి బరువు కలిసొస్తుంది కదా, మీటరుకు 1.8 టన్నుల చొప్పున. నిండు లోడ్ 32.4, నెట్‌గా అనుమతించేది 8.4. తేడా 24ని 1.8తో భాగిస్తే 13 మీటర్ల పైన లోతు కావాలి. బండ 15 దగ్గరే ఉంది. అంత తవ్వేవాడు ఇంకో రెండు మీటర్లు పోయి బండ మీదే కూర్చోబెడతాడు. పైగా మెత్తటి బంకమట్టిలో అంత లోతు గుంత తవ్వితే దాని అడుగే పైకి ఉబికే ప్రమాదం ఉంది. రాఫ్ట్ వెడల్పు పెంచడమూ అంతగా కలిసిరాదు. వెడల్పు పెంచితే ఒత్తిడి తగ్గుతుంది గానీ ఫ్రిక్షన్ లేని మట్టిలో బేరింగ్ కెపాసిటీ వెడల్పుతో పెరగదు, చదరపు మీటరుకు అదే 25. ఇసుకలో డిజైన్ చేసి అలవాటుపడ్డవాళ్లు సరిగ్గా ఇక్కడే తప్పటడుగు వేస్తారు, పెద్ద ఫుటింగ్ అంటే చదరపు మీటరుకు కూడా ఎక్కువ కెపాసిటీ అనుకుంటారు. ఇసుకలో నిజమే, బంకమట్టిలో కాదు.

కాబట్టి మిగిలేది ఒక్కటే దారి, లోడ్‌ని బండ దాకా దింపడం. ఫెయిలయ్యాక వాళ్లు చేసిందీ అదే. బిన్‌లలోంచి ధాన్యం తీసేసి, రాఫ్ట్ కింద గుంతలు తవ్వుతూ బండ మీద కాంక్రీటు పియర్లు కట్టుకుంటూ పోయారు, జాకీలతో ఆ 18,000 టన్నుల పైచిలుకు బిన్‌హౌస్‌ని మెల్లగా నిటారుగా నిలబెట్టారు. పడమటి వైపును పూర్తిగా పైకి ఎత్తడం కాదు, ఎత్తు వైపు కింద మట్టి తీస్తూ కిందికి దింపడమే ఆ పనిలో పెద్ద వాటా. అందుకే నిటారుగా నిలబడ్డాక అది మొదటి మట్టం కంటే చాలా కింద స్థిరపడింది. బిన్‌లు ఒక్క ముద్దగా ఉండబట్టి ఇదంతా సాధ్యపడింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు దాన్ని వాడారు.

మన డెల్టాలో ఇదే పని పైల్స్‌తో (నేలలోకి లోతుగా దింపే స్తంభాలతో) చేస్తాం, మెత్తటి మట్టి దాటి కింద గట్టి ఇసుకలో దింపుతాం. ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. మన దగ్గర సైలో సైట్ అంటే పక్కా పొలం, వరదనీరు రాకుండా ముందు మీటరున్నర, రెండు మీటర్లు గ్రావెల్‌తో మెరక చేస్తారు. ఆ మెరక బరువుకు కింది మెత్తటి మట్టి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది, కుంగేటప్పుడు పైల్‌ని పట్టుకుని కిందికి లాగుతుంది. ఆ లాగుడు, నెగటివ్ స్కిన్ ఫ్రిక్షన్, పైల్ డిజైన్‌లో లోడ్ వైపు వేయాలి. పైల్ కెపాసిటీ లెక్కలో మెత్తటి పొర ఫ్రిక్షన్‌ని కూడా కలుపుకున్న డిజైన్లు చూస్తుంటాను. అది అటు కలపాల్సింది ఇటు కలపడం, తప్పు రెండింతలవుతుంది.

మొదటి నింపుడు సంగతి కూడా ముందే రాసి ఇస్తాను. సైలో చుట్టూ కనీసం నాలుగు చోట్ల సెటిల్‌మెంట్ పాయింట్లు, దూరంగా కదలని బెంచ్‌మార్క్ ఒకటి. పావు వంతు నింపి ఆగాలి, రీడింగ్ నిలకడగా ఉంటేనే తర్వాతి పావు. నాలుగు పాయింట్ల సగటు కంటే వాటి మధ్య తేడా మీద కన్నుండాలి, ఒక పక్క ఎక్కువ దిగుతుంటే ధాన్యం ఆపేసి ఫోన్ చేయమంటాను. సీజన్‌లో లారీలు క్యూ కట్టి ఉంటే ఆపడానికి మిల్లు వాళ్లకు మనసొప్పదు, అందుకే ఈ షరతును కొనుగోళ్లు మొదలవ్వక ముందే ఓనర్‌ చేత సంతకం పెట్టించుకుంటాను.